పది రూపాయల బిళ్ళ

తిరపతి నుంచి చిత్తూరికి పోయే మా బస్సులో
కిటికీల పైన ఎర్ర రంగుతో రాసుంటుంది,
స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయమని.
'గౌ' రాలిపోయి చాన్నాళ్ళయింది.
మిగిలింది 'రవించుట'.
దానికి అర్థమేందని ఇంతవరకూ ఎవురూ అడగలేదు.

అడిగింది ఇంకో మాటకు.

చంద్రగిరి దాటినాక
ఆడోళ్ళ సీట్లో కాళ్ళు బార్లా చాపుకున్న పిలగాణ్ణి లేపినాను.
హేమాద్రంట, పక్కనోడు పిలస్తావుంటే తెలిసింది.
లేచినాడు. లేస్తా లేస్తా
చిల్లర ఇసిరినట్టు నా సంచిలోకి ఒక మాట ఇసిరినాడు:
"పెద్ద ఫెమినిస్టు!"

బస్సంతా నవ్వింది.
ఆడోళ్ళూ నవ్వినారు.
నేనూ కొంచెం నవ్వినాను,
నవ్వకపోతే ఆ మాట నాకు అతుక్కుంటుందని.

కాశిపెంట్ల కాడ ఎక్కిన కన్నెమ్మవ్వ
కరేపాకు మూట కాళ్ళ సందున ఇరికించుకోని
"ఏం మే, వాళ్ళు నవ్వతా వుండేది దేనికి? పెమినీసా?
టమోటాకు కొట్టే మందు పేరు మాదిరుందే" అనింది.
"మందేలే అవ్వా."
"ఏ పురుక్కి?"
జీరో టికెట్టు చించి ఆమె చేతిలో పెట్టినాను.
నా కాడ ఉండే జవాబు అంతే.

ఇంటికి పోయి కూతుర్ని అడిగితే
పుస్తకంలోంచి తలెత్తకుండా "స్త్రీవాది" అనింది.
వాది అంటే నాకు తెలిసింది కోర్టు.
మా నాయిన చిత్తూరు కోర్టులో పదకొండేండ్లు వాది,
రెండు బారల గట్టు కోసరం.
సద్ది కట్టుకోని పోవడం, వాయిదా తెచ్చుకోవడం.
తీర్పొచ్చేనాటికి గట్టూ లేదు, నాయినా లేడు.
అయితే నేనూ వాదినేనా?
ఎవురి మీద?

నేను చేసిందల్లా ఒక సీటు ఖాళీ చేయించడం.
ఇంకా చెప్పాలంటే
తెల్లారుజామున డ్యూటీ ఎక్కినాక
మధ్యాన్నం దాకా గుక్కెడు నీళ్ళతో సరిపెట్టుకోవడం.
పూతలపట్టు స్టాండులో ఆ గదికి ఎప్పుడూ తాళమే.
డ్రైవరు మునిరత్నం మంచోడే.
యాడో ఒక చెట్టు కాడ బండాపి దిగిపోతాడు,
ఈలేసుకుంటా వస్తాడు.
నేను లెక్క రాసుకుంటా ఉంటాను.
రాసిందే మళ్ళీ రాస్తా ఉంటాను.
ఆ తాళం గురించి ఒకసారి డిపోలో కాగితమిస్తే
ఆ కాగితానికీ ఇదే పేరు పెట్టినారు.

ఎండలు ముదిరినాయి. గంగమ్మ జాతరొచ్చింది.
మీసాలోళ్ళు చీరలు కట్టి గాజులేసి
మూరెడు మల్లెపూలతో బస్సెక్కతా ఉన్నారు.
చంద్రగిరి కాడ ఎక్కినాడు హేమాద్రి,
ఊదారంగు చీర, కాటుక, నడుముకు గిల్టు వడ్డాణం.
"అక్కా, నాకూ జీరో టికెట్టే కొట్టాల!"
బస్సంతా నవ్వింది. నేను బాగానే నవ్వినాను.

మెట్టు మీద కుచ్చిళ్ళు కాలికింద పడి తూలినాడు.
జనం. ఒకరి మీద ఒకరు.
ఎవురో, ఎగతాళికే అయ్యుంటుంది,
ఎనక నుంచి నడుం మీద చెయ్యేసి నొక్కినారు.

"ఎవుడ్రా అది?"

ఎవురూ పలకలేదు.
అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తా ఉన్నారు.
ఆ చూపులు ఎట్లుంటాయో బస్సులో ఆడోళ్ళందరికీ తెలుసు.
వానికి ఇదే మొదలు.
కాటుక చెమటకి కారి మీసం దాకా వచ్చింది.

కన్నెమ్మవ్వ మూట జరిపింది.
"రా మే, ఇట్లా కూచో."
కూచున్నాడు,
మోకాళ్ళు దగ్గిరికి పెట్టుకోని.

టికెట్టు మాత్రం పూరా కొట్టినాను.
నోట్లు తీసి, తక్కువైతే
బొడ్లో దోపుకున్న పది రూపాయల బిళ్ళ తీసినాడు.
టీ అంగట్లో తోసేస్తారు దాన్ని, పూలామె తిరగేసి చూసి ఇచ్చేస్తుంది.
చెల్లదని మొదట చెప్పిందెవురో ఎవురికీ తెలీదు.
"చెల్తుందా అక్కా?"

"చెల్తుంది" అన్నాను.
సంచిలో ఏసుకున్నాను.
వాడు మొన్న ఇసిరింది కూడా
అడుగున యాడో ఉంది,
ఇంకా డిపోలో కట్టలేదు.